చేపాక్ గోడకి ఇవతల

మద్రాసు చూసొచ్చిన వాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఒక వరస చెబుతారు. బీచి చూశాం, మ్యూజియంలో తిమింగలం ఎముకలు చూశాం, చేపాక్ స్టేడియం కూడా చూశాం అని. చివరి మాట దగ్గర నా ముఖం చూసి కొందరు ఆగిపోతారు. వాళ్ళు నేను చెప్పగా సంగతి తెలిసినవాళ్ళు. తెలియని కుర్రకారు ఫోన్లు తీసి ఫొటోలు చూపించబోతారు. "నా దగ్గర కళ్ళజోడు లేదురా" అంటాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంటుంది. ముసలిదానికి మతిపోయిందనుకుని వాళ్ళే వెళ్ళిపోతారు. అనుకోనీ. నాకు ఆ ఫొటోలు చూడాలని లేదు.

మాది చిలకలూరిపేటకి ఆరు మైళ్ళ దూరంలో నల్లరేగడి ఊరు. సగం పొలంలో పత్తి, సగంలో మిరప. మా నాన్న గుంటూరు కాలేజీలో సరిగ్గా ఒక్క సంవత్సరం చదివాడు. ఆ ఏడాదిలో ఆయనకు రెండు పట్టుబడ్డాయి: ఇంగ్లీషు పేపరు చదవడం, పిచ్ బదులు కొబ్బరిపీచు చాప పరిచి క్రికెట్ ఆడటం. తాతయ్య పోవడంతో చదువు ఆగిపోయింది, నాగలి చేతికొచ్చింది. చాప మీద ఆడిన ఆట మాత్రం బుర్రలోంచి పోలేదు.

ఊళ్ళో ఆయన్ని ఆటపట్టించని వాడు లేడు. "ఏరా, అయిదు రోజులు ఆడి ఎవడూ గెలవకుండా ఇంటికి పోతారంటగా? మన ఎడ్లపందెమైతే గంటలో తేలిపోద్ది" అనేవాళ్ళు రచ్చబండ దగ్గర. నాన్న కోప్పడేవాడు కాదు. పంచాయితీ రేడియోలో ఇంగ్లీషు కామెంటరీ వస్తుంటే చెవి దానికి ఆనించి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పేవాడు. నవ్విన వాళ్ళే చివరికి "ఇప్పుడేమైంది, ఇప్పుడేమైంది" అని ఆయన చుట్టూ చేరేవాళ్ళు.

మద్రాసు రాష్ట్రం నుంచి మేం విడిపోకముందు మా రాజధాని మద్రాసే. మిరప బస్తాలూ అక్కడికే వెళ్ళేవి. ఏడాదికి రెండుసార్లు నాన్న సరుకుతో పాటు వెళ్ళేవాడు. పని అయ్యాక తోటి రైతులు బీచికో సినిమాకో పోతే, ఈయన చేపాక్ మైదానం గోడ చుట్టూ తిరిగొచ్చేవాడు. తెల్లవాళ్ళ కాలం నాటిదట. పక్కనే నవాబు గారి పాత మహలట. సముద్రం అంత దగ్గర కాబట్టి మధ్యాహ్నం గాలి మళ్ళితే బంతి వంకర తిరుగుతుందట. చుట్టూ పెద్ద పెద్ద చెట్లున్నాయట, టిక్కెట్టు దొరకని వాళ్ళు కొమ్మలెక్కి కూర్చుంటారట. ఇవన్నీ కాపలావాణ్ణీ తోటమాలినీ అడిగి తెలుసుకున్నవి. లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఎప్పుడూ రైలు వేళ మించిపోతుండేది.

మనవాళ్ళు తెల్లవాళ్ళని టెస్టు మ్యాచ్‌లో మొట్టమొదటిసారి ఓడించింది చేపాక్‌లోనే. ఆ రోజు నాన్న మద్రాసులో ఉన్నాడు. టిక్కెట్టు కూడా జేబులో ఉంది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడుగా. సరుకు కొనే వ్యాపారి ఒక్కో బస్తా విప్పి, కాయలు గుప్పిట్లోకి తీసుకుని, మళ్ళీ పోసి, మళ్ళీ తీసి, మధ్యాహ్నం భోజనాల వేళ దాటేదాకా కూర్చోబెట్టాడట. నాన్న గోడ దాకా పరుగెత్తేసరికి లోపల్నించి ఒక్క అరుపు వచ్చింది. గేట్ల లోంచి జనం ఎగురుకుంటూ బయటికొస్తున్నారు. ఆట అయిపోయింది.

"గోడ మీద చెయ్యి పెట్టానమ్మా. అదిరింది. నిజంగా అదిరింది" అని చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ప్రతిసారీ ఆ చెయ్యి చూసుకునేవాడు.

ఆ తర్వాత మద్రాసు మనది కాకుండా పోయింది. కొన్నేళ్ళకు మ్యాచ్‌లు కూడా చేపాక్ వదిలి నగరంలోనే ఇంకో స్టేడియానికి వెళ్ళిపోయాయి. మద్రాసులో మా పిన్నీ బాబాయీ ఉండేవాళ్ళు. బాబాయి రైల్వే ఆఫీసులో గుమాస్తా. "అన్నయ్యగారూ, కొత్త స్టేడియం మన స్టేషనుకి కూతవేటు దూరం. రండి, టిక్కెట్టు నేను తెస్తాను" అని రెండు మూడుసార్లు ఉత్తరం రాశాడు. నాన్న వెళ్ళలేదు. "నేను చూడాల్సింది ఆ గోడ లోపల ఏముందో. ఇంకోటి చూసి ఏం చేసుకోను?" అన్నాడు. అప్పటికి ఆయన కళ్ళు బంగారంలా ఉన్నాయి. ఆ మొండితనాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని అంటారు గానీ, నాకుంది.

చేపాక్ నాకు పరిచయమైంది మా మిరప కళ్ళంలో. కోతలకు ముందు కళ్ళం నేల చదును చేసి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి ఆరబెడతాం. దాని మీద పండుకాయలు పరిస్తే కనుచూపు మేర ఎరుపే. కాయలు తిప్పేవాళ్ళు నడవటానికి మధ్యలో సన్నటి దారి వదులుతాం. నాన్న నన్ను ఆ దారి కొసన నిలబెట్టేవాడు. "ఇదే పిచ్. చుట్టూ ఉన్న ఎరుపంతా పచ్చిక అనుకో. తూర్పున సముద్రం. అదిగో ఆ ఇటుక ముక్క పెవిలియను. ఈ వైపు గ్యాలరీలు, వాటి వెనక చెట్లు" అంటూ ఇటుక ముక్కలూ కట్టెలూ పేర్చేవాడు. తెల్లబారిన తాలుకాయలు ఏరి, ఆటగాళ్ళని నిలబెట్టినట్టు అక్కడక్కడ పెట్టేవాడు. నాకు పన్నెండేళ్ళు. ఆట నాకేమీ నచ్చలేదు. కానీ అమ్మ పోయిన ఏడది. ఆయన ముఖంలో నవ్వు కనిపించేది ఆ కాసేపే. అందుకని అన్నీ నేర్చుకున్నాను.

నేను ట్రైనింగు పూర్తి చేసి మా ఊరి బడిలోనే టీచరుగా చేరిన ఏడు నాన్న ఎడ్ల కొమ్ములకి తగలడం మొదలుపెట్టాడు. గడపకి కొట్టుకునేవాడు. పక్కన నిలబడిన మనిషిని పలకరించకుండా వెళ్ళిపోయేవాడు. జనం పొగరనుకున్నారు. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే నీటికాసులన్నారు. ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, పక్కలవి కనిపించవు, గొట్టంలోంచి చూసినట్టే. ఆ గొట్టం కూడా రోజురోజుకీ సన్నబడుతుంది. పోయిన చూపు తిరిగి రాదు. "ఇంకెన్నాళ్ళండీ?" అని అడిగాను. డాక్టరు గారు నాకేసి చూడకుండా, "ఏడాది. కొంచెం అటూ ఇటూ" అన్నారు.

అప్పటినుంచి పేపరు నేనే చదివి వినిపించేదాన్ని. ఒకరోజు, ఈసారి మద్రాసు టెస్టు మళ్ళీ చేపాక్‌లో జరుగుతుందని చదివాను. నాన్న చేతిలో కాఫీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది.

"చేపాక్‌లోనా? సరిగ్గా చూడమ్మా. ఇంకోసారి చదువు."

మూడుసార్లు చదివించాడు.

అది మొదటి కోత రోజుల్లో పడింది. కాయ చెట్టు మీద పండి ఉంది, కూలీలు దొరకడమే గగనం. నేను విసుక్కున్నాను. "కోతలు పెట్టుకుని ఆట చూడ్డానికి పోవడమేంటి నాన్నా? నలుగురూ నవ్వుతారు. వచ్చే ఏడు తీసుకెళతాలే."

నాన్న నెమ్మదిగా అన్నాడు: "వచ్చే ఏడు నువ్వు తీసుకెళ్ళినా నాకు పనికిరాదు గదమ్మా."

ఆ రాత్రే బాబాయికి ఉత్తరం రాశాను. రెండు టిక్కెట్లు తెచ్చి ఉంచుతానని ఆయన జవాబు రాశాడు, మొదటి రోజుకి.

ప్రయాణం రోజు కూడా పొద్దున్నుంచీ నేను కళ్ళంలోనే ఉన్నాను. ఎవరింటికి వెళ్ళినా కొత్త కాయ పట్టుకెళ్ళడం మా వైపు ఆనవాయితీ. మద్రాసులో ఉన్న పిన్నికైతే మరీను. బస్సుకి వేళవుతుందని, కనిపించిన చేతిసంచీకేమో చిల్లుందని, నాన్న ఉతికిన తువ్వాలు ఒకటి దండెం మీంచి లాగి, వీశెడు కాయలు అందులో మూట కట్టాను. చీరాల వెళ్ళి మద్రాసు రైలెక్కాం. కూర్చోడానికి చోటు దొరికింది గానీ ఒరగడానికి లేదు. నాన్న ఆ మూటనే కిటికీకి ఆనించి, దాని మీద తల పెట్టుకుని కునుకు తీశాడు. లోపల కాయలు నలిగి పొడైపోయాయి.

పిన్ని మమ్మల్ని చూసి ఎంత సంబరపడిందో. మూట విప్పి డబ్బాలో పోసుకుని, తువ్వాలు వాకిట్లో దులిపింది. దులుపుతూ నాలుగు తుమ్ములు తుమ్మింది. "మద్రాసు నీళ్ళు తాగి మిరప ఘాటు మరిచిపోయావే పిన్నీ" అని నేనే ఎగతాళి చేశాను. మర్నాడు పొద్దున్నే మేం బయల్దేరుతుంటే, తెచ్చిన గుడ్డ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని, పెరుగన్నం పొట్లాలు రెండు అదే తువ్వాల్లో కట్టి నా చేతికిచ్చింది. అది కూడా ఆనవాయితీయే. ఎవరి తప్పూ లేదు. తప్పంతా నా ముక్కుదీ నా చేతులదీ. పుట్టినప్పటినుంచీ మిరపలో బతికిన వాళ్ళం. మా చేతులకి మంట తెలియదు, మా ముక్కుకి ఘాటు పట్టదు. ఇంకెవరికైనా ఆ గుడ్డ పట్టుకోగానే తెలిసేది.

బాబాయి మమ్మల్ని గేటు దాకా దిగబెట్టి ఆఫీసుకి వెళ్ళాడు. గోడ దగ్గర నాన్న ఆగాడు. అరచెయ్యి గోడకి ఆనించి కాసేపు నిలబడ్డాడు. వెనక జనం తోసుకొస్తున్నారు, తమిళంలో కేకలేస్తున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాను. ఆ ఏటికని కట్టిన చెక్క మెట్ల గ్యాలరీ మాది. నాన్న తల వంచుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు. ఆయన తల ఎత్తితే మెట్టు కనిపించదు, మెట్టు చూస్తే ఇంకేమీ కనిపించదు.

"ఎక్కేశాం నాన్నా. ఇక చూడు" అన్నాను.

"ఆగమ్మా. కూర్చున్నాక చూస్తా. పదిహేనేళ్ళు ఆగినవాణ్ణి, రెండు నిమిషాలు ఆగలేనా?"

కూర్చున్నాం. ఎండ సముద్రం వైపు నుంచి సూటిగా మా ముఖాల మీద కొడుతోంది. నాన్న ముఖమంతా చెమట. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, అది ఎండకో, దుఃఖానికో. ఇంకా తల ఎత్తలేదు. "ముఖం తుడుచుకుని చూస్తా. తువ్వాలియ్యి" అన్నాడు, గుళ్ళోకి వెళ్ళేముందు కాళ్ళు కడుక్కునే మనిషిలాగా.

నేను పొట్లాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉంటుందని, మరచెంబులోని నీళ్ళతో తువ్వాలు కొస తడిపాను. మా పక్కనున్న తమిళాయన గట్టిగా తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. నాకేసి చిరాగ్గా చూశాడు. ఆ తుమ్ము విన్నప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. నాన్న చేతికి ఇచ్చినా అదో దారి. ఇవ్వలేదు. ఆయన గడ్డం పట్టుకుని, చిన్నపిల్లాడికి తుడిచినట్టు, రెండు కళ్ళూ నేనే అద్ది అద్ది తుడిచాను.

ఆయన అరవలేదు. ముందు "ఏంటమ్మా ఇది" అన్నాడు. తర్వాత రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని ముందుకి వంగిపోయాడు. అప్పుడు ఆ గుడ్డ చూశాను. మడతల్లో ఎర్రటి పొడి, రెండు మూడు గింజలు.

తమిళాయన మంచివాడు. ఏం జరిగిందో ఒక్క చూపులో గ్రహించి, నాన్నని ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకుని కిందికి దింపాం. గ్యాలరీ వెనక కొళాయి ఉంది. నాన్న తల దాని కింద పెట్టాను. నీళ్ళు పోసేకొద్దీ మంట పెరిగింది. పిన్ని కట్టిన పెరుగన్నం పిసికి, ఆ పెరుగు రెప్పల మీద పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. తమిళాయన ఎవరినో పిలిచాడు, వాళ్ళు కళ్ళు కడిగే మందేదో తెచ్చి పోశారు. రెప్పలు నిమ్మకాయల్లా ఉబ్బి మూసుకుపోయాయి.

అప్పుడు ఆట మొదలైంది. మా నెత్తి మీద చెక్కలు దడదడలాడాయి. వేలమంది ఒక్కసారిగా అరిచారు. నాన్న కొళాయి పక్క గోడకి ఆనుకుని కూర్చుని, తల పైకెత్తి వింటున్నాడు.

"నువ్వెళ్ళి చూడమ్మా. నా కోసం చూసి రా."

"నేనెక్కడికీ వెళ్ళను."

"వెళ్ళు. ఒక్కసారి చూసొచ్చి చెప్పు. చాలు."

నేను వెళ్ళలేదు. ఆయన పాదాల దగ్గర మట్టిలో కూర్చుని ఏడుస్తూ ఉండిపోయాను. రెండు మెట్లెక్కితే మైదానం కనిపించేది. ఆ రెండు మెట్లు ఎక్కలేదు. ఆయన చూడలేనిది నేను చూస్తే పాపమనుకున్నాను. అదేం తెలివో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మధ్యాహ్నానికి రిక్షా చేయించుకుని పిన్ని ఇంటికి వచ్చేశాం.

మూడో రోజుకి రెప్పలు విడివడ్డాయి. అప్పుడింక టిక్కెట్లు లేవు. ఉన్నా నాన్న ఒప్పుకునేవాడు కాదు. వెలుతురు చూస్తే కళ్ళు మంటలెత్తుతున్నాయి. ఊరికి వచ్చేశాం. గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా ఆ వేసవిలోనే ఒక కన్ను పూర్తిగా పోయింది. మరుసటి కోతలు రాకముందే రెండోదీ పోయింది. "మిరప మంటకీ దీనికీ సంబంధం లేదమ్మా. అది ఎట్లాగూ పోయే చూపే" అన్నారు గుంటూరు డాక్టరు గారు. ఆయన చదువుకున్నవాడు, నిజమే చెప్పి ఉంటాడు. నేను నమ్మలేదు.

ఊళ్ళోవాళ్ళు చేపాక్ ఎట్లా ఉందని అడిగితే నాన్న చెప్పేవాడు. పచ్చిక గురించి, పెవిలియను గురించి, చెట్ల మీద కూర్చున్న జనం గురించి. నా పేరుగానీ, తువ్వాలుగానీ ఎప్పుడూ ఎత్తలేదు. "చూశానురా. ఇదే కళ్ళతో చూశాను" అనేవాడు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఆయన నన్ను కాపాడుతున్నాడని తెలిసేది.

ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం నన్ను అడిగేవాడు. "ఇప్పుడు చెప్పమ్మా. కూర్చున్నప్పుడు నువ్వు చూశావుగా. ఎట్లా ఉంది?" గ్యాలరీ ఎక్కేటప్పుడు నా కళ్ళు ఆయన పాదాల మీదే ఉన్నాయి. కూర్చున్నాక పొట్లాల మీద, మరచెంబు మీద, ఆయన ముఖం మీద. ఆ మైదానం కేసి నేను ఒక్కసారి కూడా తేరిపార చూడలేదు. ఎండలో ఏదో పచ్చటి వెలుగు మాత్రం గుర్తు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. చెప్పడం మొదలుపెట్టాను. తూర్పున సముద్రం నాన్నా. ఆ వైపు పెవిలియను. ఇటు గ్యాలరీలు, వాటి వెనక చెట్లు. మధ్యలో పిచ్ తెల్లగా, సన్నటి దారిలాగా. ఆయన కళ్ళు మూసుకునే వినేవాడు. ఒక ఏడు కాదు, రెండేళ్ళు చెప్పాను. చెప్పగా చెప్పగా వివరాలు కూడా చేరాయి. కాకులు, అయిసుఫ్రూటు అమ్మేవాడు, గాలికి ఊగే జెండా.

మూడో ఏడు కోతలప్పుడు ఒక సాయంత్రం కళ్ళం గట్టు మీద కూర్చున్నాం. కాయలు ఎత్తేశారు, కళ్ళం ఖాళీగా ఉంది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. అంతా విని అన్నాడు:

"నేను ఇటుక ముక్కలు ఎక్కడ పెట్టానో అన్నీ అక్కడే ఉన్నాయమ్మా. ఒక్కటీ తప్పలేదు."

నేను గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చున్నాను.

"నేనెప్పుడు లోపలికెళ్ళాను గనక? అవన్నీ గోడ బయట నిలబడి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నేను ఊహించుకున్నవే."

చెయ్యి చాపి, నా చెయ్యి ఎక్కడుందో తడిమి పట్టుకున్నాడు. "నువ్వు కూడా చూడలేదు కదూ?"

"లేదు నాన్నా" అన్నాను.

"వెళ్ళి చూడమన్నాను కదమ్మా" అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే నేను బతికిపోయేదాన్ని.

ఆ తర్వాత ఆయన ఇంకో రెండేళ్ళు ఉన్నాడు. చేపాక్ ఎట్లా ఉంటుందని నన్ను మళ్ళీ అడగలేదు. పొద్దున పేపరు వచ్చి అరుగు మీద పడుతుండేది. చదవమని కూడా అనలేదు.